రాసిన చావు

కథ ఎక్కడిదాకా వచ్చిందో ఒకసారి తలుచుకుందాం.

కోటబొమ్మాళి పిల్ల నీలవేణి మద్రాసులో ఒక పేరుమోసిన డ్రెస్ హౌసులో ఆరేళ్ళు పనిచేసింది. యజమానురాలి మీద కోపంతో ఉద్యోగం వదిలేసి వచ్చి, శ్రీకాకుళంలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతూ 'అద్దం ముందు ఆరేళ్ళు' అనే నవల రాసింది. నవలలో ఆ యజమానురాలు దొంగ. తన దగ్గర పనిచేసే జాలరి పిల్ల ఊహించి అల్లిన చీర అంచును తన పేరుతో చెలామణీ చేసుకుంటుంది. ఎదురు చెప్పిందని ఆ పిల్ల చేతిని ఇస్త్రీపెట్టెతో కాలుస్తుంది. చివరికి ఆ పిల్ల సముద్రంలో పడి చనిపోతుంది. చదివినవాళ్ళందరికీ అది కథ. నీలవేణికి మాత్రం అది అమ్మడు అనే తన స్నేహితురాలి బతుకు. ఇప్పుడు ఆ నవల సినిమా అవుతోంది. ఆఖరి సన్నివేశాలు తీయడానికి దర్శకుడు జగన్నాధం కళింగపట్నం సముద్రం ఒడ్డున మకాం వేశాడు. షూటింగు చూడటానికి బస్సెక్కబోతున్న నీలవేణికి ట్రావెలర్స్ బంగళా నుంచి ఒక చీటీ వచ్చింది. 'ఒక్కసారి వచ్చి వెళ్ళు' అని మాత్రమే ఉంది. కింద సంతకం లక్ష్మీనరసమ్మది. ఆ డ్రెస్ హౌసు యజమానురాలిది.

బంగళా వరండాలో పేము కుర్చీలో కూర్చుని ఉంది లక్ష్మీనరసమ్మ. నీలవేణి గేటు దగ్గరే ఒక్క క్షణం ఆగిపోయింది. ఆరేళ్ళలో ఆవిడ కూర్చోగా చూసింది తక్కువ. పొద్దున తొమ్మిదింటికి మెడలో టేపు వేసుకుని నిలబడితే మళ్ళీ దీపాలు పెట్టేదాకా నిలబడే ఉండేది. ఇప్పుడు కుర్చీకి ఆనించి చేతికర్ర ఉంది. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. చీర మాత్రం అదే, తెల్ల పొందూరు నూలు చీర, ఒక్క మడత కూడా చెదరకుండా.

మద్రాసు నుంచి వచ్చేసిన మూడేళ్ళలో ఈ కలయిక నీలవేణి మనసులో ఎన్నోసార్లు జరిగింది. ఏం అనాలో, ఏ మాట తరువాత ఏ మాట అనాలో అన్నీ కుదుర్చుకుని ఉంది. మెట్లెక్కి ఎదురుగా నిలబడేసరికి ఒక్కటీ నోటికి రాలేదు.

లక్ష్మీనరసమ్మ ఆమెను కిందినుంచి పైదాకా చూసింది. చూపు ఎడమ భుజం దగ్గర ఆగింది.

"జాకెట్టుకి చెయ్యి అతికించిన చోట కుట్టు లాగుతోంది. నువ్వే కుట్టుకున్నావా?"

"అవునండి."

"తొందరలో కుట్టినట్టున్నావు. కూర్చో."

నీలవేణి కూర్చోలేదు. "ఎందుకు పిలిచారో చెప్పండి అమ్మగారూ. నేను కళింగపట్నం వెళ్ళాలి."

అమ్మగారూ అన్న పిలుపు దానంతట అదే వచ్చేసింది. అన్నాక తనమీద తనకే కోపం వచ్చింది. ఇంత జరిగాక కూడా ఆ మాటేనా!

"నీ పుస్తకం చదివేను," అంది లక్ష్మీనరసమ్మ. "రెండుసార్లు చదివేను. మొదటిసారి నా గురించి చదువుకున్నాను. రెండోసారి అమ్మడి గురించి చదివేను. బాగానే రాశావు. ట్రయల్ రూములో బల్బుల వేడికి పౌడరు, చెమట కలిసిన వాసన వస్తుందని రాశావు చూడు, అన్నేళ్ళు నడిపిన నాకే అది తోచలేదు."

"మీరు కోర్టుకి వెళ్తారనుకున్నాను."

"కోర్టుకి వెళ్తే ప్రమాణం చేసి నిజం చెప్పాలి."

"చెప్పలేని నిజమే అన్నమాట!" నీలవేణి గొంతు పెరిగింది. కుదుర్చుకున్న మాటలు ఒక్కొక్కటే బయటికి రావడం మొదలైంది. "ఆ అంచు అమ్మడిది కాదా? వల అల్లే ముడిని పట్టుదారంతో వేసి చీరకి కట్టాలన్న ఊహ మీదా? ఊరంతా ఆ అంచు కోసం వెర్రెత్తిపోతే పత్రికలో ఎవరి ఫొటో వచ్చింది? ఎవరి పేరు వచ్చింది? నేను రాసినదాంట్లో అబద్ధం ఎక్కడుంది చెప్పండి."

"అందులో అబద్ధం లేదు. నా పేరే వేయించుకున్నాను. నా ఫొటోయే ఇచ్చేను."

"ఎందుకు?"

"నా పేరు ఎక్కడా రానీకమ్మా అని అది నా కాళ్ళు పట్టుకుంది గనక."

వరండా బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. మార్గశిరం ఎండ మెట్లమీద పల్చగా పడి ఉంది. నీలవేణి అప్పుడు కూర్చుంది.

లక్ష్మీనరసమ్మ తొందర పడలేదు. గుడ్డ కత్తిరించే ముందు కూడా అంతే, ఒకటికి రెండుసార్లు చేత్తో సరిచేసుకుని గాని కత్తెర పెట్టేది కాదు.

"పందొమ్మిదివందల అరవైలో విజయనగరంలో మా అన్నగారి అమ్మాయి పెళ్ళికి వచ్చి మద్రాసు మెయిల్లో తిరిగి వెళ్తున్నాను. ఆడవాళ్ళ పెట్టెలో ఒక మూల ఒక పిల్ల కూర్చుని ఉంది. పందొమ్మిదేళ్ళుంటాయేమో. టిక్కెట్టు లేదు. ఎడంచేతికి తడిగుడ్డ చుట్టుకుని ఉంది. రాజమండ్రి దాటేక ఆ గుడ్డ విప్పి చూపించింది. పడవకి పూసే తారు కాగుతుంటే, ఆ గరిటె తీసి చేతిమీద పెట్టేడుట మొగుడు. చేపలబుట్ట పట్టుకుని సంతకి వెళ్ళి పొద్దు దాటి వచ్చిందని. ముందర కూడా కొట్టేవాడు. ఆ రోజు మాత్రం, ఇంక ఇక్కడుంటే చచ్చిపోతానని రైలెక్కేసింది."

"ఇస్త్రీపెట్టె..." అంది నీలవేణి.

"ఇస్త్రీపెట్టె తగిలిందని అందరికీ చెప్పమన్నది నేనే. కొట్లో పనిచేసేవాళ్ళకి చెప్పుకోడానికి అదొక్కటే కుదిరే మాట."

నీలవేణి కళ్ళముందు ఆ చెయ్యి కనిపించింది. మోచేతి కింద అరచేయంత మచ్చ, ముడతలుపడి, నున్నగా మెరుస్తూ. ఐదేళ్ళు ఆ చెయ్యి పక్కనే కూర్చుని కుట్టింది. ఒకే డబ్బాలో అన్నం తిన్నారు. తమ ప్రాంతపు మాట మాట్లాడేవాళ్ళు మద్రాసులో ఇంకెవరూ లేక, ఇద్దరూ ఏటే అంటే ఏటే అనుకుంటూ నవ్వుకునేవారు.

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగావా?"

"అడిగాను."

"ఒకసారి అడిగి ఉంటావు. తరువాత నీకు నువ్వే జవాబు చెప్పుకున్నావు. ఒకరోజు దాని చేతికి నేను మందు రాస్తుంటే నువ్వు తలుపు తీసుకుని వచ్చేవు. పక్కన ఇస్త్రీపెట్టె ఉంది. అది ఏడుస్తోంది. నువ్వు నాకేసి చూసిన చూపు నాకు ఇప్పటికీ జ్ఞాపకం. ఆ చూపే తరువాత పుస్తకం అయింది."

నీలవేణి తల దించుకుంది. ఆ సన్నివేశం నవలలో పదకొండో ప్రకరణం. దాని గురించి ఎంతమంది ఉత్తరాలు రాశారో! చదివి రెండు రోజులు అన్నం తినలేదని ఒకామె రాసింది.

"అయితే అమ్మడు ఎందుకు చచ్చిపోయింది?"

"చచ్చిపోలేదు."

నీలవేణి తలెత్తింది.

"అది కొట్టు వదిలి వెళ్ళిన మర్నాడు మీ అందర్నీ పిలిచి 'అమ్మడు ఇక్కడ లేదు, దాని పేరు ఎత్తకండి' అన్నాను. నువ్వు 'ఇక లేదు' అని విన్నావు. ఆ వారమే ఒడ్డుకి ఎవరో ఆడమనిషి శవం కొట్టుకొచ్చిందని పేపర్లో పడింది. ఆ రెండూ కలిపి కుట్టేసుకున్నావు. నేను కాదనలేదు. కాదంటే ఎక్కడుందని అడుగుతావు."

నీలవేణి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. సంతోషమో, సిగ్గో, రెండూనో. మూడేళ్ళ కిందట ఈ మనిషి కోసం ఎంత ఏడ్చింది! ఏడుస్తూనే ఆ ఆఖరి ప్రకరణం రాసింది. ఆ పిల్ల బతికే ఉంది!

"ఎక్కడుందండీ?"

"నీకు చెప్పను. తెలిస్తే రాస్తావు."

చెంపమీద కొట్టినట్టయింది. కాని ఆ మాటలో కోపం లేదు. కొలత చెప్పినట్టే చెప్పింది.

"విను," అంది లక్ష్మీనరసమ్మ. "నేను నీ తప్పులు ఎంచడానికి ఇంత దూరం రాలేదు. అరవై ఐదులో అతను కొట్టుకి వచ్చేడు. నూకయ్య. విశాఖపట్నంలో ఎవరి పెళ్ళిలోనో ఒకావిడ మన అంచు చీర కట్టుకుంటే చూశాడుట. అందరూ అంచు చూశారు, వాడు ముడి చూశాడు. అది రేవుపేటలో వాళ్ళ ఇంట్లో వేసే ముడి. ఆ చీర ఎక్కడ కొన్నారని అడిగి, వాళ్ళనీ వీళ్ళనీ పట్టుకుని మద్రాసు వచ్చేడు. గుమ్మంలో నిలబడి, ఈ ముడి వేసిన మనిషి కావాలన్నాడు. ఈ అంచు కనిపెట్టింది నేనే, పత్రిక చూడు అన్నాను. నా ఫొటో ఉన్న కాగితం చేతిలో పెట్టేను. వాడికి చదువు రాదు. ఫొటో వంక చూసి, నా వంక చూసి వెళ్ళిపోయేడు. ఆ సాయంత్రమే వెనక గుమ్మంలోంచి అమ్మడిని పంపించేసేను."

"నేను మేడమీద ఉన్నాను..."

"నువ్వు మేడమీదే ఉన్నావు. ఇప్పుడు చెప్పు. నీ పుస్తకం చదువుకున్నవాళ్ళు చదివారు. వాడు చదవలేడు గనక ఇన్నాళ్ళూ నేను నోరెత్తలేదు. సినిమా అయితే వాడు కూడా చూస్తాడు. ఈ సముద్రం పొడుగునా ఏ డేరా సినిమాలో వేసినా వాళ్ళంతా వెళ్తారు. తెరమీద ఆ కాలిన చెయ్యి కనిపిస్తుంది. ఆ అంచు కనిపిస్తుంది. రేవుపేట పేరు వినిపిస్తుంది. పేరైనా మార్చలేదే నువ్వు! అది మద్రాసులో నా దగ్గరే ఉండేదని వాడికి తెలిసిపోతుంది. తెలిస్తే నన్ను వదలడు. నాకు అరవై ఏడు. నా తరువాత ఆ కొట్లో నోరు మూసుకోగల మనిషి లేదు."

మళ్ళీ తనే అడిగింది. "సినిమాలో చీరకి ఆ అంచు ఎవరు అల్లేరు?"

నీలవేణి తన వేళ్ళకేసి చూసుకుంది. "నేనే."

మద్రాసులో ఎవరికీ ఆ ముడి సరిగ్గా రాలేదని జగన్నాధం చీర పంపించాడు. ఇరవై రోజులు కిటికీ దగ్గర కూర్చుని, అమ్మడు నేర్పినట్టే అల్లింది. స్నేహితురాలికి పెట్టిన దణ్ణం అనుకుంటూ అల్లింది.

లక్ష్మీనరసమ్మ కళ్ళు మూసుకుని తెరిచింది. "నన్ను దొంగగానే ఉంచు. ఇస్త్రీపెట్టె నా చేతికే ఇచ్చి ఇంకేదైనా చేయించు, నేనేమీ అనుకోను. ఆ పిల్ల చచ్చిపోయినట్టే చూపించు, అదీ మంచిదే. కాని ఆ మచ్చ, ఆ అంచు, ఆ ఊరు పేరు, మూడూ తెరమీద ఉండకూడదు. ఇదొక్కటీ నాకు చేసిపెట్టు."

"అమ్మగారూ, మిమ్మల్ని నేను..."

"ఇప్పుడు కాదు." ఆవిడ చేతికర్ర అందుకుంది. "బయట టాక్సీ ఉంది. నేను కుదుర్చుకుని వచ్చిందే. తీసుకుని వెళ్ళు."

*

కళింగపట్నం చేరేసరికి పన్నెండు దాటింది. ఇసుకమీద కొబ్బరాకుల పందిరి, వెండికాగితం అంటించిన పెద్ద అట్టలు, దూరంగా గుడగుడమంటూ జనరేటరు. కట్టిన తాడుకి అవతల చుట్టుపక్కల పల్లెల జనం వరసలుగా కూర్చుని ఉన్నారు. కథలో జాలరి పిల్ల శవం కోసం ఊరంతా ఒడ్డున ఎదురుచూసే ఘట్టం ఆ రోజు తియ్యాలి. ఆ ఊరివాళ్ళుగా నటించడానికి నిజంగా సముద్రం మీద బతికేవాళ్ళనే పిలిపించాడు జగన్నాధం.

అతనిది విజయనగరం. సినిమాల్లోకి పోకముందు కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. నెత్తిమీద తడి తువ్వాలు వేసుకుని, కాగితాలు చూసుకుంటున్నవాడు నీలవేణిని చూసి లేచి వచ్చాడు.

"రండి నీలవేణి గారూ! సమయానికి వచ్చారు. మీ చీర ఇవాళే బయటికి తీస్తున్నాం."

"జగన్నాధం గారూ, ఆ చీర వాడకండి."

అతను నవ్వాడు. ఆమె ముఖం చూసి నవ్వు ఆపేశాడు. పందిరి కిందికి తీసుకువెళ్ళి కుర్చీ చూపించాడు. ఆమె నిలబడే మాట్లాడింది. మచ్చ తీసెయ్యాలి, అంచు మార్చాలి, ఊరి పేరు మార్చాలి.

"కారణం?"

"చెప్పలేను."

"నీలవేణి గారూ, ఇవన్నీ మీరు రాసినవే. ఆ మచ్చమీదే కథంతా నడుస్తోంది. మద్రాసులో ఇస్త్రీపెట్టె ఘట్టం చిత్రీకరణ కూడా అయిపోయింది. ఆ అమ్మాయి అరుపుకి మా కెమెరా అతను కళ్ళు తుడుచుకున్నాడు."

"అది నిజం కాదండీ. అలా జరగలేదు."

"నవల కదా. జరిగి తీరాలని ఎవరన్నారు?"

అది నవలే. కాని ఊళ్ళో ఎవరు అడిగినా 'అక్షరం అక్షరం జరిగిందే' అని చెప్పుకుంది తనే. పత్రికవాళ్ళు అడిగినప్పుడూ అదే చెప్పింది.

జగన్నాధం గొంతు తగ్గించాడు. "ఎవరికైనా కీడు జరుగుతుందా? అది ఒక్కటి చెప్పండి. ఈ క్షణంలో ఆపేస్తాను. ఊరికే ఆపమంటే మాత్రం నా చేతుల్లో లేదు. నా వెనక ఇంతమంది ఉన్నారు."

చెప్పాలంటే ఒక్క మాట చాలు. కాని ఆ మాట ఇతనికి చెబితే, ఎందుకు ఆపారని అడిగేవాళ్ళకి ఇతను చెప్పాలి. వాళ్ళు ఇంకొకళ్ళకి చెబుతారు. సినిమా పత్రికలవాళ్ళు పందిరి కిందే తిరుగుతున్నారు. ఎనిమిదేళ్ళు ఒక మనిషి నోరు విప్పకుండా దాచిన సంగతి. నీలవేణి చెప్పలేనన్నట్టు తల ఊపింది.

అప్పుడే డేరాలోంచి కథానాయిక బయటికి వచ్చింది. నీలం రంగు చీర. గాలికి పైట ఎగిరి అంచు మొత్తం తెరుచుకుంది. వలకన్నుల్లా అల్లిన తెల్లటి పట్టుదారం ఎండలో తళుక్కుమంది. ఎడంచేతిమీద రంగుతో మచ్చ వేశారు. జనంలో ఒక కలకలం లేచింది. సినిమా తారను చూసి ఈలలు వేసినవాళ్ళు వేశారు.

ఒక మనిషి మాత్రం ఈల వెయ్యలేదు. లేచి నిలబడ్డాడు. తాడు కిందినుంచి వంగి ఇటు వచ్చాడు.

"ఒరే! ఎవడ్రా నువ్వు? అటు పో!" అని ఎవరో అరిచారు.

అతను వినిపించుకోలేదు. కథానాయిక దాకా వెళ్ళి, రెండడుగుల దూరంలో ఆగి, గాలికి ఎగురుతున్న పైట కొసను రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. ఆమె జోలికి పోలేదు. ముడిని మాత్రం బొటనవేలితో తడిమాడు. తిప్పి వెనకవైపు చూశాడు. కథానాయిక బెదిరి అలాగే నిలబడిపోయింది.

"ఇది ఎవులు అల్లినారు?"

గట్టిగా అడగలేదు. అయినా చుట్టూ ఉన్నవాళ్ళ మాటలు ఆగిపోయాయి. జగన్నాధం ఏదో అనబోయాడు. నీలవేణి అతన్ని దాటి ముందుకు వచ్చింది.

"నేను."

అతను పైట వదిలేసి దగ్గరికి వచ్చాడు. నలభై కూడా ఉండవు గాని చెంపలు నెరిసిపోయాయి. ఎముకలు తేలిన మనిషి. కళ్ళు ఉప్పుగాలికి ఎర్రబడి ఉన్నాయి. ముడిని గుర్తుపట్టాడంటే నూకయ్యే, కాని ఈ ఉదయం నుంచీ నీలవేణి మనసులో రూపుకట్టిన నూకయ్య ఇలా లేడు. ఆ నూకయ్య భారీగా, మొరటుగా, చూస్తేనే భయం పుట్టేటట్టు ఉన్నాడు. ఇతను ఎవరినో దారి అడుగుతున్నవాడిలా ఉన్నాడు.

"నీకు ఎవులు నేర్పినారు తల్లీ?"

"మద్రాసులో ఒకామె."

"ఇది మా మావ ముడి. వల అల్లితే సివర రెండుసార్లు మెలేసి ఎనక్కి లాగుతాడు. పేటలో ఇంకెవులికీ రాదు. మావ పోనాడు. ఆడి కూతురికి ఒక్కదానికే వచ్చు." అతను ఇంకో అడుగు ముందుకు వేశాడు. "అమ్మడు. నా ఆడది. ఎక్కడున్నాది?"

యాభైమంది చూస్తున్నారు. పక్కనే జగన్నాధం నిలబడి ఉన్నాడు. నీలవేణికి తెలిసిందల్లా ఒక్కటే, తడబడకూడదు.

"సచ్చిపోనాది," అంది.

మద్రాసు వెళ్ళాక నోటికి రాకుండా పోయిన తన ఊరి మాట. అమ్మడితో తప్ప ఎవరితోనూ మాట్లాడనిది. అబద్ధం చెప్పడానికి అదే వచ్చింది.

"ఎలాగ?"

"సముద్రంలో పడిపోనాది. మూడేళ్ళయింది."

"అమ్మడా?" అతని కనుబొమలు ముడిపడ్డాయి. "సముద్రంలోనా? నాకంటే బాగా ఈదుతాది తల్లీ అది. తెప్ప తిరగబడిపోతే నన్ను జుట్టట్టుకుని ఒడ్డుకి లాగింది. అది ములిగిపోడమేటి?"

వేలమంది చదివారు ఆ నవల. ఉత్తరాలు రాశారు, మెచ్చుకున్నారు, ఏడ్చారు. సముద్రం ఒడ్డున పుట్టిన పిల్ల ఎలా మునిగిపోయిందని ఒక్కరూ అడగలేదు. తనకీ తోచలేదు. చదువు రాని ఈ ఒక్కడూ అడిగాడు.

"ఈదలేదు," అంది. గొంతు వణికింది. వణకడమే మంచిదయింది. "ఈదుకుని రాలేక కాదు. కావాలనే పోనాది. బతకాలని లేదు దానికి."

నూకయ్య ఆమె ముఖంలోకి చూశాడు. తరువాత చూపు కిందికి దిగి తన రెండు అరచేతుల మీద ఆగింది. వాటిని ఏం చేసుకోవాలో తెలియనట్టు పంచెకి తుడుచుకున్నాడు.

"ఆ సెయ్యి మానిందా?"

ఆమెకు మొదట అర్థం కాలేదు.

"పోయేముందు. ఆ సెయ్యి మానిందా తల్లీ?"

"మానింది. మచ్చ ఉండిపోయింది."

అతను తల ఊపాడు. మోకాళ్ళమీద ఇసుకలో కూలబడ్డాడు. ఏడవలేదు. నోరు తెరుచుకుని గాలి పీల్చుకుంటున్నాడు, అంతే. అతనిమీద జాలి పడాలా, అసహ్యించుకోవాలా నీలవేణికి తెలియలేదు. తారు గరిటె పట్టుకున్న చెయ్యి ఏదో, కుడిదా ఎడమదా అని మాత్రం చూసింది. రెండూ ఒకేలా ఉన్నాయి.

వెనకనుంచి జగన్నాధం నెమ్మదిగా అన్నాడు. "ఇప్పుడు అర్థమైంది నీలవేణి గారూ. మీరేమీ చెప్పకండి." అతను వెనుదిరిగి చేతులెత్తాడు. "ఇవాళ్టికి షూటింగు లేదు. ఆ చీర తీసి పెట్టెలో పెట్టెయ్యండి. ఈ సినిమాలో అది ఉండదు. మేకప్పు ఎవరయ్యా? ఆ మచ్చ తుడిచెయ్యి."

"ఏమైంది సార్? మద్రాసులో తీసిందంతా?" అని ఎవరో అడిగారు.

"మళ్ళీ తీసుకుందాం. ఊరి పేరూ మారుద్దాం. నా ఇష్టం."

నీలవేణి కళ్ళు మూసుకుంది. అయిపోయింది. పొద్దున వరండాలో ఆవిడ అడిగిన పని పూర్తయింది. బంగళాకి వెళ్ళి ఆవిడతో చెప్పాలి, అతనికి ఇంక వెతికే పని లేదని. అమ్మడు ఎక్కడున్నా ఈ రాత్రి నుంచి తలుపు గడియ వేసుకున్నాక మళ్ళీ లేచి చూసుకోనక్కర్లేదని. క్షమించమని అడగడానికి కూడా ఇప్పుడు ముఖం చెల్లుతుంది.

"తల్లీ." నూకయ్య లేచాడు. పంచెకున్న ఇసుక దులుపుకోలేదు. "ఎనిమిదేళ్ళు ఎతికినాను. కాళ్ళట్టుకుందామని ఎతికినాను. నమ్ముతావో లేదో గానీ. ఇంకేటుంది, దినం సెయ్యాల. దానికి ముందు దాని అమ్మకి సెప్పాల." అతను తాడు అవతలికి తిరిగి, చెయ్యి నోటికి అడ్డం పెట్టి పిలిచాడు. "అత్తా! ఓ అత్తా! ఇటు రా!"

నీలవేణి తాడు వైపు తిరిగింది.

జనంలోంచి ఒక ముసలామె లేచింది. శవం కోసం ఎదురుచూసే తల్లి వేషానికి సినిమావాళ్ళు ఎంచుకున్నది ఆమెనే. తెల్లచీర కట్టించి, జుట్టు విరబోయించి, ఏడవడం ఎలాగో పొద్దుటి నుంచీ నేర్పుతున్నారు. ఆ వేషంతోనే ఇసుకలో అడుగులు తడబడుతూ వస్తోంది.

"మా అత్త అసిరమ్మ," అన్నాడు నూకయ్య. "నా నోటితో నాను సెప్పలేను. నా వల్లే ఇల్లొదిలి పోనాదని తెలిసిన మనిసి. నువ్వు సూసినావు, నువ్వే సెప్పు. నానిక్కడే ఉంటాను."

అతను కదలకుండా పక్కనే నిలబడ్డాడు. అతని చెవిన పడకుండా ఆ ముసలామెకి ఒక్క మాట చెప్పడానికి వీల్లేదు.

అసిరమ్మ దగ్గరికి వచ్చింది. మసకబారిన కళ్ళు చిట్లించి నీలవేణిని చూసింది. ఎవరు ఏం చెప్పారో, జనంలో ఏ మాట చెవిన పడిందో, ఆ ముడతల ముఖం నిండా ఒక నవ్వు విచ్చుకుంది. నీలవేణి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. చేపల పొలుసులు గీసి గీసి గరుకెక్కిన చేతులు.

"మద్రాసు నుండి వచ్చినావటమ్మా? నా పిల్లతో కలిసి పని సేసినావట!" అంది. "ఎలాగుంది అది? నాకేటి సెప్పమంది?"